బండిది కాని ముక్క

కారు ముందు జాలీ ఊడదీసి, రేడియేటర్ సందులో వేళ్లు దూర్చి, దాసప్ప ఒక వంగిన అల్యూమినియం ముక్కను బయటికి లాగాడు. వేలెడు పొడవుంది. చొక్కా అంచుతో తుడిచి చాలాసేపు చూశాడు.

"ఏందది?" అన్నాడు విఘ్నేష్.

"బండిది కాదు సార్." జేబులో వేసుకున్నాడు.

విఘ్నేష్ బర్గూరు గ్రానైట్ క్వారీ ఓనరు కొడుకు. కారులో ఉన్న ఇంజిన్ పీకేసి టర్బో ఇంజిన్ పెట్టించాలని పొద్దున్నే హోసూరు వచ్చాడు. కృష్ణగిరికి కొత్తగా వేసిన నాలుగు లైన్ల రోడ్డు మీద వచ్చే నెల స్నేహితులతో పందెం. ఆ పని తెలిసినవాడు ఈ చుట్టుపక్కల దాసప్ప ఒక్కడే.

షెడ్డు నేల మీద రెండు ఇంజిన్లున్నాయి.

"ఈ చిన్నది పెట్టు. తేలిక. గాలి కేజీన్నర ఎక్కించు, దూసుకోని పోవల్ల."

"దానిది అల్యూమినియం బ్లాకు సార్. కేజీన్నర ప్రెషర్ తట్టుకోదు, పగుల్తుంది. ఈ పెద్దది ఇనుము. పిస్టన్లు మందం. ముప్పావు కేజీ దాకా ఎన్నేండ్లయినా భయం లేదు. ఆయిల్ కూలర్ వేయాల. అన్నిటికంటే ముందు బ్రేకులు మార్చాల."

"బ్రేకులు తర్వాత చూద్దాంలే. ముందు పరిగెత్తనీ."

"నిలబడేది రాని బండిని పరిగెత్తించేది నా షెడ్డులో లేదు సార్."

ఒకప్పుడైతే ఇలాంటి మాటకు దాసప్ప చేతిలోని స్పానర్ నేలకేసి కొట్టేవాడు. ఇప్పుడు ఎవరో చెప్పమన్నది ఒప్పజెప్పినట్టు అన్నాడు. కోపం రాలేదు. కొంతకాలంగా ఏదీ రావడం లేదు.

"గుండు కొట్టించినట్లుండావే. తిరపతికి పోయినావా?"

దాసప్ప పొట్టి వెంట్రుకలు తడుముకున్నాడు.

బయట బస్సు పోయింది. ఉద్దనపల్లిలో ఏడింటికి ఎక్కితే ఇక్కడికి ఎనిమిదికి వచ్చే బస్సు. దాసప్ప భార్య మద్దమ్మ ఊళ్లో మలుపు దగ్గర నిలబడి అన్నం క్యారియర్ కండక్టర్ చేతికిచ్చేది. షెడ్డు ముందర డ్రైవర్ హారన్ కొడితే అతను దింపి పోయేవాడు. పదేళ్లు అలా జరిగింది. ఇవాళా బస్సు ఆగలేదు. హారన్ కూడా కొట్టలేదు.

"క్యారియర్ రాలేదేమప్పా? మద్దమ్మ సంగటి కోసమే ఏం తినకుండా వచ్చినా. రెండు నెలలు బెంగుళూర్లో ఉంటి, నోరు చచ్చిపోయింది."

"ఇప్పుడు హోటల్లో తింటా సార్."

"కొట్లాడినారా? పోయి పిల్చుకోని రాప్పా. ఈ వయసులో ఏం పంతాలు?"

దాసప్ప కారు ముందు గొంతుక్కూర్చున్నాడు.

"బండి ముందర దెబ్బ తినింది సార్."

"బంపరు, లైట్లు బెంగుళూర్లో మార్పించినానే. ఎట్ల కనిపెట్టినావు?"

"రేడియేటర్ లోపలికి నొక్కుకోని పోయింది. ఈ పెద్ద ఇంజిన్ బరువు. చట్రం వంగిందేమో తెలీకుండా పెడితే అంతా విరిగి కింద పడుతుంది. ఎంత స్పీడులో తగిలింది?"

"నూటపది ఉంటుంది. ఆవు అడ్డమొచ్చింది."

"యాడ?"

"మీ ఊరి మలుపులోనే. మార్గశిరం మంచు కదా, పొద్దున ఏడవుతుంది. ఆవో, ఎద్దో, ఏం కనపడింది గనక?"

"బ్రేకు కొట్టినారా?"

"తగిలినాక కొట్టినా."

"ఎంత దూరంలో నిలబడింది?"

విఘ్నేష్ నవ్వాడు. "నిలబడలేదు."

దాసప్ప తలూపాడు. గోడకున్న మేకు నుంచి జాబ్ కార్డు తీసి పెన్నుతో సహా ఇచ్చాడు.

"రాసియ్యండి సార్."

ఇది షెడ్డు పాత కట్టుబాటే. ఆరేళ్ల కింద ఒకడు దెబ్బ దాచి బరువు ఇంజిన్ వేయించుకుంటే, రాయకోట దారిలో ముందు చక్రం ఊడిపోయింది. అప్పటినుంచి టర్బో కావాలన్నవాడు బండి తిన్న దెబ్బలన్నీ సొంత చేత్తో రాయాలి. రాయనివాడి బండికి దాసప్ప బోల్టు కూడా విప్పడు.

"ఆవుక్కూడా రాతకోతలా?" అంటూనే విఘ్నేష్ రాశాడు. తేదీ, టైము, ఉద్దనపల్లి మలుపు, నూటపది. కింద సంతకం పారేశాడు. క్వారీ కాగితాల మీద చదవకుండా సంతకాలు పెట్టి అలవాటైన చెయ్యి.

"ఇప్పుడు చెప్పు. ఏ ఇంజిను?"

"ఇనుపదే సార్."

"పందెంలోపల అయిపోతుందా?"

"బండి ఈడనే ఉండనీండి."

విఘ్నేష్ తాళంచెవి బల్ల మీద పడేసి ఆటో ఎక్కి పోయాడు.

దాసప్ప స్పానర్ ముట్టలేదు. కారు మీద టార్పాలిన్ కప్పాడు. అల్మారాలో నుంచి సొట్టలు పడిన మద్దమ్మ క్యారియర్ తీసుకున్నాడు. కార్డు మడిచి చొక్కాలో పెట్టాడు. షెడ్డుకు తాళం వేసి, తిరిగి పోతున్న అదే బస్సు ఎక్కాడు.

కండక్టర్ చెన్నప్ప అతని ఒళ్లో క్యారియర్ చూసి టికెట్ కొట్టడం ఆపాడు.

"యాడికి దాసప్పా?"

"పోలీస్ స్టేషన్ దగ్గర దింపు."

బస్సు హోసూరు దాటాక దాసప్ప జేబులోని ముక్క తీశాడు. వంపును బొటనవేలితో సరిచేసి, క్యారియర్ పక్కన ఖాళీగా ఉన్న రంధ్రంలో పెట్టి నొక్కాడు. టక్కున పట్టుకుంది.

ఉద్దనపల్లి మలుపులో మద్దమ్మ శవం పక్కన దొరికిన నాటినుంచి ఆ క్యారియర్‌కు ఒక క్లిప్పు లేదు.