నలభై ఏళ్ళ అవతలి ఆవిడ

“ఆ మూల స్థలంలో బడి కట్టారే అనుకోండి, అందులో కూర్చునేదెవరు? నేనా, మీరా?” అన్నాడు హిదెకాజు.

హాలంతా నవ్వింది. నూడుల్స్ కొట్టు గెంజో తాతయితే చేతిలో బార్లీ టీ ఒలకబోసుకునేంతగా నవ్వాడు.

పాత నూలుమిల్లు పడగొట్టిన చోట కొత్త పేట రాబోతోంది. కార్లు లోపలికి రాని వీధులు, చెక్క ఇళ్ళు, వాననీటి తొట్లు. పేట ఎలా ఉండాలో ఊరివాళ్ళే తేల్చాలని మునిసిపాలిటీ సభ పెట్టింది. ఒక్క మూల స్థలం తప్ప అన్నీ తేలాయి. అక్కడ చిన్నపిల్లల బడి కావాలని సగంమంది, సోలార్ పలకలు పెడితే పేటంతటికీ కరెంటు వస్తుందని సగంమంది. ఈ రెండో సగానికి గొంతు హిదెకాజు. సాయంత్రంలోగా చేతులెత్తించి ఏదో ఒకటి ఖాయం చేయకపోతే, సభ నడిపిస్తున్న కుసుమోతోకి ఆఫీసులో అక్షింతలు తప్పవు.

ఈ సభకి కుసుమోతో ఒక పద్ధతి పెట్టింది. చీటీలు తీసి సగంమందికి పసుపు కోట్లు తొడిగింది. కోటు వేసుకున్నవాళ్ళు నలభై ఏళ్ళ తర్వాత ఇదే పేటలో ఉండే మనుషులు. ‘అలా ఉండొచ్చు’ అనకూడదు, ‘ఇలా ఉంది’ అనాలి. వాళ్ళకి పేర్లుండవు. మిగతావాళ్ళు ఇంటిపేరు లేకుండా ఒట్టి పేరు ముక్క గుండెకి అంటించుకుంటారు. నలభై ఏళ్ళ అవతలివాళ్ళు చెప్పింది అబద్ధమనే హక్కు వీళ్ళకి లేదు. ప్రశ్నలు మాత్రం ఎన్నయినా వేసుకోవచ్చు.

“నేను కూర్చునేదాన్ని, మీరు బడి కట్టి ఉంటే,” అంది పసుపు కోటు వేసుకున్న ఒకావిడ.

కుసుమోతోకి కుతూహలం ఆగలేదు. పొద్దుటి నుంచీ ఈవిడ తగువంతా ఒక్క హిదెకాజుతోనే. మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పినప్పుడు కూడా ఇద్దరూ చెరో గోడవైపు తిరిగి తిన్నారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఇంత పంతం ఎందుకో ఆమెకి అంతుపట్టలేదు.

“మీ వయసెంతండీ?” అన్నాడు హిదెకాజు.

“ముప్పై ఎనిమిది.”

“అంటే ఇంకో రెండేళ్ళకి పుడతారన్నమాట. ముందుగానే శుభాకాంక్షలు!”

మళ్ళీ నవ్వులు. ఆవిడ నవ్వలేదు.

“మీ పలకలే గెలిచాయి. దీపాలు బ్రహ్మాండంగా వెలుగుతున్నాయి. ఆ వెలుగులో ఆడుకోడానికి నేనొక్కదాన్నే. బడికి బస్సెక్కి పక్క ఊరికి పోయేదాన్ని.”

“మిగతా ఇళ్ళలో పిల్లలేరి మరి?”

“బడి లేనిచోటికి పిల్లలున్నవాళ్ళు ఎందుకొస్తారు? వచ్చినవాళ్ళు కనలేదు. మా నాన్న కూడా చాలాకాలం వద్దనే అన్నారట.”

“ఎందుకట?”

“ఏటేటా ఎండలు ముదిరిపోతున్నాయి, వరదలు ముంచేస్తున్నాయి, ఇలాంటి లోకంలోకి ఒక ప్రాణాన్ని తెచ్చి పడేయడం అన్యాయం అనేవారట. మంచాయనే. కాకపోతే పిరికివాడు.”

“నాటకాల్లో గానీ వేశావేంటమ్మా? కళ్ళకి కట్టినట్టు చెప్తున్నావు!” అన్నాడు గెంజో తాత.

ఈసారి ఎవరూ నవ్వలేదు. హిదెకాజు మొహం పాలిపోయింది. సభ పక్కదారి పడుతోందని కుసుమోతో అడ్డుపడబోయింది. అతను చెయ్యెత్తి ఆపాడు.

“ఒక్కటడుగుతాను,” అన్నాడు. గొంతులో ఇందాకటి ఎకసెక్కెం లేదు. “అక్కడ బతకడం కష్టంగానే ఉందా?”

“ఉంది. వేసవిలో పగలు గడప దాటలేం. ఏరు పొంగితే సామాను మేడ మీదికి మోసుకుంటాం.”

“మరి, ఎందుకు కన్నారా అని మీవాళ్ళ మీద కోపం రాలేదూ?”

“ఒక్కసారీ రాలేదు. పుట్టినందుకు సంతోషంగానే ఉన్నాను. ఆ మాట ముందే తెలిస్తే నాన్న అంత భయపడేవారు కాదేమో.”

చివరి మాట ఆవిడ హిదెకాజు కళ్ళలోకే చూస్తూ అంది. కుసుమోతోకి ఎందుకో కళ్ళు చెమర్చాయి. ఇక లాభం లేదని చేతులెత్తమంది. బడికీ పలకలకీ సరిసమానంగా తేలింది. ఇంకా ఎత్తని చెయ్యి ఒక్కటే మిగిలింది.

“బడే కట్టండి,” అన్నాడు హిదెకాజు చెయ్యెత్తి.

“ఇదేం అన్యాయమయ్యా! నిన్ను నమ్ముకునే కదయ్యా నేనటు ఎత్తింది!” అని గెంజో తాత లబలబలాడాడు.

సభ ముగిసింది. చెప్పుల అరల దగ్గర నిలబడి ఉన్న హిదెకాజు దగ్గరికి కుసుమోతో గబగబా వెళ్ళింది.

“ఆవిడ మాటలు కాస్త శ్రుతి మించాయి. ఏమీ అనుకోకండి. ఇంతకీ మీరు మనసెందుకు మార్చుకున్నారు? తెలుసుకోకపోతే నాకు ఇవాళ నిద్ర పట్టదు.”

“కూతురు అంతలా చెప్పాక కాదనగలమా అండీ?”

“మీకు అమ్మాయి ఉందా! ఎన్నేళ్ళు?”

ఇంతలో ఇందాకటావిడ పసుపు కోటు మడతపెట్టి ఇచ్చేసి అటే వచ్చింది. ఏమీ అడక్కుండానే అతని భుజం మీద ఒక చెయ్యి ఆనించి, రెండో చేత్తో బూటు తొడుక్కోసాగింది. ఆవిడ తొడుక్కోవడం అయ్యేదాకా అతను కదలకుండా నిలబడ్డాడు.

“మా ఇద్దరికీ ఇంకా పుట్టలేదండీ,” అన్నాడు హిదెకాజు.