వేలు తెగిన దేవుడు

"ఉలి పట్టుకుని లోపలికా? కుదరదు మామా," అన్నాడు కాపలాదారు వాఘ్మారే.

వేరూళ్, అంటే ఎల్లోరా గుహల్లో వడ్రంగులంతా విశ్వకర్మ గుడి అని పిలుచుకునే గుహ అది. దాని ముందు ఆగిపోయాడు ధోండీబా సుతార్. భుజాన గోనెసంచి. అందులో ఉలులు, బాడిస, చిత్రిక, రంపం. వెనకాలే ఆయన భార్య సాళూబాయి.

"చెక్కడానికి కాదయ్యా. ఆయన పాదాల దగ్గర పెట్టేసి పోవడానికి. ఇంక నావల్ల కాదు. ఆయన పనిముట్లు ఆయనకే."

"వచ్చినవాళ్ళంతా పెట్టేసి పోతే నేనిక్కడ పాత ఇనుము కొట్టు తెరవాలి."

"అస్సలు పెట్టనివ్వకు తమ్ముడూ," అంది సాళూబాయి. "వేలు కాస్త తెగిందని పని మానేశారు. పొద్దస్తమానం ఊరిపెద్ద పాటిల్ గారి అరుగు మీదే. ఆ పాటిల్ మనవరాలి బారసాలకే ఊయల తొట్టి చేస్తానని ఒప్పుకున్నారు. తొట్టి అయింది, కాళ్ళింకా పూర్తికాలేదు. రేపు అది ఇవ్వకపోతే ఊళ్ళో ఇంకెవరు మా గడప తొక్కుతారు? కొట్టు మూసుకోవాల్సిందే."

"కాస్తా?" ధోండీబా ఎడమ చూపుడు వేలు ఆమె ముఖం ముందు ఆడించాడు. గాయం మానిపోయి చాలా రోజులైంది. భయమే మానలేదు. "ఉలి చూస్తే చాలు, చెయ్యి వెనక్కి పోతోంది. తెగితే ఎలా ఉంటుందో నీకేం తెలుసు?"

సాళూబాయి కొంగు సర్దుకుంది.

ఎండలో వీళ్ళ పంచాయితీ ఎంతకీ తేలేలా లేదని వాఘ్మారే ఆ సంచి తనే భుజాన వేసుకున్నాడు. "పదండి. దర్శనం చేసుకోండి. దీన్ని మాత్రం నేనే మోస్తాను," అన్నాడు.

లోపల చల్లగా ఉంది. ధోండీబా నాలుగడుగులు వేసి తలెత్తాడు. కప్పంతా రాతి దూలాలు, ఒకదాని పక్కన ఒకటి, విల్లులా వంగి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉన్నాయి.

"చూశావా సాళూ. రాతి కప్పుకి దూలాలతో పనేముంది? అయినా చెక్కాడు. ముందు కర్రతో కట్టినవాడి చెయ్యి అది. అలవాటు ఊరుకోదు." ఆ వంపు వెంట ఆయన వేలు గాల్లో తిరుగుతోంది. "ఆ మలుపు చూడు. ఎక్కడా తడబడలేదు, మహానుభావుడు."

మొగుడి ముఖంలో చాలా రోజులకి ఆ కళ కనబడింది. సాళూబాయికి ప్రాణం లేచొచ్చింది.

గుహ చివర రాతి స్తూపం ముందు కాళ్ళు కిందికి వేసి కూర్చుని ఉన్నాడు దేవుడు. వాఘ్మారే టార్చి వేశాడు. రొమ్ము దగ్గర రెండు చేతులు. ఒక చేతి వేళ్ళు రెండో చేతి వేలిని తాకుతున్నాయి. ధోండీబా మోకాళ్ళ మీద కూలబడి దండం పెట్టాడు. సాళూబాయి కుడిచెయ్యి ఒక్కటే నుదుటికి ఆనించింది.

"దేవుడికి రెండు చేతులూ ఎత్తడానికి కూడా బద్ధకమేనా?" అన్నాడు ధోండీబా.

"ఆయన చూసుకుంటాడు లెండి. మీరు మీ మాటేదో చెప్పుకోండి."

"చెప్పేదేముంది, కళ్ళెదురుగానే ఉంది. పని చేస్తుంటే ఆయన వేలూ తెగింది. అదిగో, పట్టుకుని కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. దేవుడే మానేశాక నేనెంత?"

"మానేస్తే పక్కన మూడంతస్తుల గుహ ఎవరు తొలిచారు, మీ నాన్నా?"

"మా నాన్న జోలికి రాకు."

వాఘ్మారేకి నవ్వొచ్చింది. "మామా, మీ ఇళ్ళల్లో మీరు అలా చెప్పుకుంటారు, కాదనను. మేం బౌద్ధులం, మా ఇంట్లో మాత్రం ఈయన బుద్ధుడు. వేలు తెగలేదు, ఏమీ లేదు. ఎదురుగా కూర్చున్నవాళ్ళకి బోధ చేస్తున్నాడు. ఒక్కో వేలూ ముట్టుకుని ఒక్కో మాట చెబుతున్నాడు."

ధోండీబా ముఖం చిన్నబోయింది. సాళూబాయి మాత్రం చటుక్కున అందుకుంది.

"ఇంకేం, ఇద్దరి మాటా నిజమే అనుకోండి. వేలు తెగింది. తెగింది కాబట్టే కూర్చుని నేర్పుతున్నాడు. మీరూ నేర్పండి."

ధోండీబా ఆ చేతుల వంక చూశాడు. మాట బాగానే ఉంది. మనసుకి పట్టింది కూడా.

"ఎవరికి నేర్పను?" అన్నాడు. "మేనల్లుడు ఫోన్ల కొట్టు పెట్టుకున్నాడు. ఇంకెవరొచ్చినా ఒకసారి రక్తం కళ్ళజూస్తే మళ్ళీ ఇటు తొంగిచూడరు. నేనే చూడలేకపోయాను." లేచి నిలబడ్డాడు. "వేలు తెగాక కూడా ఉలి వదలని మనిషిని ఒక్కరిని చూపించు. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పుతాను. ఈ దేవుడి మీద ఒట్టు."

"ఎవరైనా సరేనా?"

"ఎవరైనా సరే."

"తమ్ముడూ, విన్నావుగా," అంది సాళూబాయి. "నువ్వే సాక్షి. ఆ సంచి ఈయనకి ఇచ్చెయ్యి."

వాఘ్మారే సంచి అందించాడు. ధోండీబా అయోమయంగా అందుకుని, "ఎవరే ఆ మనిషి?" అన్నాడు.

సాళూబాయి కొంగు చాటు నుంచి ఎడమచెయ్యి బయటికి తీసింది. చూపుడు వేలికి పసుపు అద్దిన గుడ్డ కట్టు, దాని మీద నిన్నటి నెత్తురు మరక.

"తొట్టికి మూడు కాళ్ళు చెక్కేశాను," అంది. "నాలుగోదాని దగ్గరే ఉలి జారుతోంది. ఎలా పట్టుకోవాలో చెప్పండి."