అరువు చెంబు

షేర్వాణీ వేసుకున్న మనిషి ఒకడు తమ ఇల్లు అడుగుతూ వస్తున్నాడని తెలియగానే జానమ్మ రెండు పనులు చేసింది. కొడుకు ఏసోబును జొన్నలు పోసే గుమ్మిలో దాచి పైన చాట అడ్డం పెట్టింది. పొరుగున ఉన్న గుర్వయ్య ఇంటికి పరుగెత్తి ఇత్తడి చెంబు అరువు తెచ్చింది.

రెండూ తప్పే. కానీ హాలియా పక్కన ఆ వాడలో భయపడ్డవాళ్లు ఎప్పుడూ చేసే పనులే అవి. వచ్చేది దొర మనిషైతే పిల్లవాణ్ణి వెట్టికి పట్టుకుపోతాడు. సర్కారు మనిషైతే మట్టి ముంతలో నీళ్లిచ్చినందుకు మండిపడతాడు. రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదువా?

వచ్చినాయన గడప దాటి లోపలికే వచ్చాడు. గుర్రం లేదు, వెంట బంట్రోతు లేడు. చెప్పుల నిండా దుమ్ము. షేర్వాణీ భుజాల దగ్గర వదులు. వేళ్లు గోళ్లదాకా నీలం. సిరా మరకలు, కాగితాల మనిషే అనుకున్నాడు జానమ్మ మొగుడు ఎల్లస్వామి. అయినా అనుమానం తీరలేదు.

“మిమ్ముల ఎవలు పంపిన్రు సర్కార్?”

“పంపేదెవలు? నేనే వచ్చిన. కండ్లతోని జూడకుంటే నాకు నమ్మకం కుదరది. వజీఫాకు అర్జీ పెట్టింది మీరేనా?”

“మేమే.”

ఆ వజీఫా వస్తే పట్నం కాలేజీలో ఫీజు, హాస్టలు, తిండి అన్నీ సర్కారే పెట్టుకుంటుంది. రాకపోతే ఏసోబు చదివిన మెట్రిక్ దొర కొట్టంలో పేడ ఎత్తడానికి పనికొస్తుంది. ఆ ఇంట్లో కాలేజీ ఫీజు కట్టడం కలలో మాట.

“వజీఫా ఒక్కటే. అర్జీలు రెండు. ఇద్దరి మార్కులు సరిసమానం. ఇగ ఎవలు ఎక్కువ బీదోళ్లో చూసి ఇస్తరట,” అన్నాడాయన. “మీరు అబద్ధమాడితే ఆ రెండో పిలగాని నోట్ల మన్ను పడ్తది. యాదుంచుకోండ్రి.”

“ఆ రెండో పిలగాడు ఎవలు సర్కార్?”

“ఉన్నడు లే ఒకడు. మీకు మేకలెన్ని?”

“ఒక్కటుండె. మెట్రిక్ ఫీజుకు అమ్మినం.”

ఆయన బయటికి వెళ్లి గుంజను చూసి వచ్చాడు. తాడు చివర ఏమీ లేదు. పొయ్యి ముందు గొంతుక్కూర్చుని బూడిదలో చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది.

“రాత్రి ఏం తిన్నరమ్మా?”

అమ్మా అన్నందుకు జానమ్మకు ఇంకా భయమేసింది. కచేరీ మనుషులు తనలాంటివాళ్లను అట్లా పిలవరు.

“జొన్న గటక, సాబ్.”

“మరి పొద్దుగాల?”

“పొద్దటిదే రాత్రికి దాసుకున్నం.”

ఆయన నమ్మినట్టు లేడు. జానమ్మ చెంబుతో నీళ్లు అందించింది. ఆయన కళ్లు చిన్నవయ్యాయి.

“గటక తాగెటోళ్ల ఇంట్ల ఇత్తడెక్కడిది?”

“మాది గాదు సాబ్! గుర్వయ్యది. మీరొస్తున్నరని తెచ్చిన. జూడుండ్రి, ఆయన పేరు చెక్కి ఉన్నది.”

“నాకు తెలుగు సదువు రాదు. ఎవలు సదువుతరు? మీ పిలగాడేడి?”

“ఊర్లె లేడు.”

ఆ మాట పూర్తి కాకుండానే గుమ్మి దగ్గింది.

ఎల్లస్వామి తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. వచ్చినాయన ఒక్క ఊపున చాట లాగేశాడు. లోపలినుంచి పుస్తకం పట్టుకుని పదిహేడేళ్ల ఏసోబు లేచాడు.

“ఇందుల ఏం జేస్తున్నవ్?”

“సదువుకుంటున్న సాబ్. దొర మనుషులు దినాం వెట్టికి దేవులాడుతరు. గుమ్మిల గింజల్లేవు, జాగ ఖాళీగనే ఉన్నది.”

ఏసోబు బయటికి దిగాక ఆయన గుమ్మిని వంచి అడుగుదాకా చెయ్యి పెట్టి వెతికాడు. ఒక్క జొన్న గింజ తగల్లేదు. అప్పుడు చెంబు వాడి చేతికిచ్చాడు.

“గుర్వయ్య,” అని చదివాడు ఏసోబు.

“మెట్రిక్‌ల ఎన్ని మార్కులు?”

“నాల్గు వందల పన్నెండు.”

“ఔ. నాల్గు వందల పన్నెండే,” అన్నాడాయన. “వజీఫా రాకుంటే?”

తండ్రే జవాబు చెప్పాడు. “దొర కాడ జీతం, సర్కార్. మా నాయిన జేసిండు, నేను జేస్తున్న. వీడూ గంతే.”

“నేతనో, అద్దకమో, ఏదన్న చేతిపని రాదా?”

“మాకేడిది సర్కార్!”

ఆయన ఏసోబు చేతిలోంచి చెంబు తీసుకుని పక్కన పెట్టి, ముంతలో నీళ్లు అడిగి తాగాడు. ఇస్తారనీ అనలేదు, ఇవ్వరనీ అనలేదు. వచ్చిన దారినే నడిచి వెళ్లిపోయాడు.

జానమ్మ కూలబడి ఏడ్చింది. “నా చేతులిరిగిపోను! గా పాడు చెంబు ఎందుకు తెస్తి? పిలగాన్ని ఎందుకు దాస్తి?”

“ఇగ గా రెండో పిలగానికే పోతది,” అన్నాడు ఎల్లస్వామి. “ఆయన మొఖం జూడలేదా? మన మాట ఒక్క ముక్క నమ్మలే.”

ఆ సాయంత్రం చెంబు గుర్వయ్య ఇంటికి తిరిగిపోయింది.

మూడో రోజు, తాను అరువు తెచ్చుకున్న షేర్వాణీని కూడా తిరిగి ఇచ్చేసి, నల్గొండలో చీరలకు రంగులద్దే నూరుద్దీన్ అవే నీలం వేళ్లతో కచేరీ నుంచి తన కొడుకు అర్జీని వాపసు తీసుకున్నాడు.