దేవుడి గదిలో పాటల డబ్బా

రాజేందర్ ఇంట్లో హాల్లో స్పీకరు, పడకగదుల్లో స్పీకరు, ఆఖరికి బాత్రూంలో కూడా స్పీకరు. ఈ పొద్దు ఒక్కటీ పలకడం లేదు. టీవీ తెర మీద మాత్రం ‘సర్వర్ దొరకలేదు’ అని మళ్లీ మళ్లీ వస్తోంది.

మధ్యాహ్నానికల్లా హైదరాబాద్ నుంచి ఒక సాంస్కృతిక సంఘం వాళ్లు మెదక్‌లో దిగుతారు. ఈ ఇంట్లో కూర్చుని పాటలు వింటారు. నచ్చితే రాజేందర్‌కు ‘సమతా గాన రత్న’ బిరుదు. నచ్చకపోతే అది పక్క జిల్లాలో ఇంకో నాయకుడికి పోతుంది. ఆ నాయకుడి పేరు వింటేనే రాజేందర్‌కు అన్నం దిగదు.

పాటలంటే సినిమా పాటలు కావు. కులం పోవాలి, మనిషి నిలవాలి అని కూలి జనం కట్టుకున్న పాటలు. టేక్మాల్‌లో, పాపన్నపేటలో నాట్లేసే ఆడవాళ్ల ముందు మైకు పెట్టి పాడించుకొచ్చాడు. పాడినవాళ్ల పేరు ఒక్క ఫైలుకూ లేదు. అన్నిటికీ ఒకటే పేరు, ‘రాజేందర్ కలెక్షన్’. అవన్నీ నెట్‌వర్క్ డ్రైవ్ అనే ఓ చిన్న నల్ల డబ్బాలో ఉన్నాయి. వైఫై మీదుగా అదే ఇల్లంతటికీ పాట పంపుతుంది.

ఆ డబ్బా ఉండేది దేవుడి గదిలో. అక్కడైతే ఎవరూ ముట్టుకోరట.

ఇలాంటి పని తెలిసిన మనిషి ప్రభుదాసు. రాజేందర్ అతనికి ఫోన్ కలిపి, స్పీకర్ ఆన్ చేసి, దేవుడి గది ముందు నిలబడ్డాడు. కొడుకు మహేష్ లోపలికి కాలు పెట్టబోయాడు.

“ఆగురా,” అంది తల్లి లలితమ్మ. “తానం చేసినవా?”

“పొద్దుగాల్నే చేస్తి గదనే.”

“తలకు పోసుకున్నవా?”

మహేష్ మళ్లీ బాత్రూంలోకి పోయాడు. సమతా గానం కాసేపు ఆగింది.

“ఆయన్నే ఒక్కసారి చూడమంటే అయిపోదా బాపూ?” అంది కూతురు స్నిగ్ధ.

లలితమ్మ గుడ్లురిమింది. రాజేందర్ నవ్వాడు. “పిచ్చిదానా, గిప్పుడంతా రిమోట్ సపోర్టే. బెంగుళూరుల కూసొని దుబాయిల కంప్యూటర్లు బాగు చేస్తుండ్రు.”

మహేష్ తల తుడుచుకుంటూ వచ్చి డబ్బా ముందు కూర్చున్నాడు.

“డబ్బా ముంగట లైటుంటది సార్,” అన్నాడు ఫోన్‌లో ప్రభుదాసు. “ఏం రంగున్నది?”

“ఎర్రగున్నది. ఆ, పచ్చగైంది. గిప్పుడు నీలం. ఉరుకుతుంది.”

ప్రభుదాసుకు అనుమానం వచ్చింది.

“మహేష్ సార్, అది డబ్బా లైటా, దేవుని పటానికి కట్టిన సీరియల్ సెట్టా?”

సీరియల్ సెట్టే.

“మరి డబ్బా లైటు కనవడ్తలేదు. గక్కడ బొట్టున్నది.”

“బొట్టు కిందనే ఉంటది. తుడువుండ్రి.”

“తుడిస్తే ఊకోను,” అంది లలితమ్మ. “దసరా నాడు పూజ చేసి పెట్టిన బొట్టు.”

కొంత వాదన జరిగింది. చివరికి బొట్టు గెలిచింది. లైటు సంగతి వదిలేశారు.

“ఎనుక వైర్లుంటయ్. నెట్ వైరు పీకి మల్ల పెట్టుండ్రి.”

మహేష్ ఒకటి పీకాడు. ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి.

“అది ఇన్వర్టర్‌ది సార్,” అన్నాడు ప్రభుదాసు, ఎవరూ చెప్పకముందే. మహేష్ దాన్ని మళ్లీ గుచ్చాడు.

రాజేందర్ ముఖం చెమటతో తడిసింది. “ఏందయ్యా ప్రభూ, గింత సేపా? వాళ్లొచ్చే టైమైంది. నీకు అయితదా, కాదా?”

“కండ్లతోని చూస్తే నిమిషం పని సార్. చెవులతోని చూస్తున్న. గింతే ఉంటది.”

“మాటలు బాగనే నేర్చినవ్.”

“మీ అసుమంటోళ్ల ఇండ్లల్ల పని చేస్తే అయే వస్తయ్. మహేష్ సార్, నీలం రంగు వైరు వట్టుకోండ్రి. లోపటికి వత్తుండ్రి. టక్కుమనాలె.”

“వత్తిన. టక్కుమంటలేదు.”

“బొక్కల ఏమన్న అడ్డమున్నదా?”

మహేష్ సెల్‌ఫోన్ లైటు వేసి తొంగి చూశాడు. “అక్షింత ఉన్నది.”

నెట్ పోర్టులో పసుపు బియ్యపు గింజ. పూజ చేసిన ప్రతిసారీ లలితమ్మ దేవుడి మీద నాలుగు, డబ్బా మీద నాలుగు వేస్తుంది. పటాలు తుడిచే దూకుడుకు వైరు ఎప్పుడో వదులై సగం బయటికి వచ్చింది. ఖాళీ దొరికిన చోట ఆశీర్వాదం దూరింది.

అగరుబత్తి పుల్లతో గింజను తోడారు. వైరు టక్కుమంది. డబ్బా బుర్రుమని లేచింది. కాసేపటికి ఇల్లంతా ఒక్కసారి పాట అందుకుంది. పాపన్నపేట ఆడగొంతు. కులం గోడలు కూలాలంటోంది. హాల్లో కూలాలంటోంది, వంటింట్లో కూలాలంటోంది, బాత్రూంలో కూడా.

రాజేందర్ కండువా సర్దుకున్నాడు. బిరుదు భుజం మీద పడ్డట్టే ఉంది. సంఘం వాళ్ల ముందు చెప్పాల్సిన మాట ఫోన్‌లోనే ఒకసారి చెప్పి చూసుకున్నాడు.

“గీ పాట ఏ రూముకంటే ఆ రూముకు పోతది. ఏ తలుపూ ఆపదు. సమత అంటే గిది. ఎట్లున్నది ప్రభూ?”

“మస్తున్నది సార్.”

“పాట వినవడ్తుందా నీకు?”

“మంచిగ వినవడ్తుంది.”

“చూసినవా,” అన్నాడు రాజేందర్ కూతురితో. “లోపట అడుగు వెట్టకుంటనే పనైంది. గిదీ టెక్నాలజీ.”

స్నిగ్ధ ముందు తలుపు వైపు చూసింది. గేటు ముందు కారు హారన్ మోగింది.

“వాళ్లొచ్చిండ్రు. ఇగ పెట్టెయ్,” అని రాజేందర్ ఫోన్ కట్ చేసి, చేతులు జోడించుకుంటూ ముందు తలుపు వైపు నడిచాడు.

ప్రభుదాసు ఫోను జేబులో పెట్టుకొని, వచ్చేవాళ్లకు దారి ఇవ్వడానికి, పొద్దున రాగానే తనను ఆపి కూర్చోబెట్టిన ఆ ఇంటి గడప బయటి మెట్టు మీది నుంచి లేచి పక్కకు జరిగాడు.