చేరడానికేనా?

మానసిక చికిత్స వార్డుకి రెండు తలుపులు. మొదటిది మూసి తాళం వేశాకే రెండోది తీస్తారు. ఆ రెండింటి మధ్య నిలబడ్డ అర నిమిషంలోనే కొత్త డాక్టరు చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది.

కౌంటరు వెనక సిస్టరు తలెత్తింది.

"చేరడానికేనా?"

"అవును సిస్టర్."

"మీ ఇష్టంతోనే వచ్చారా, ఎవరైనా పంపించారా?"

"ఇష్టమెక్కడిది. నేను సర్జరీ కావాలన్నాను. వినకుండా ఇక్కడికి తోశారు. నాలుగు నెలలట."

అందరూ మొదట్లో అలాగే అంటారని సిస్టరు నవ్వి, మూడు పేజీల ఫారం ముందుకి జరిపింది. చేరే కాగితాలు చదివి సంతకం పెట్టినవాడు లోకంలో ఎవడైనా ఉన్నాడా? అతనూ చదవలేదు.

ఫోను, బెల్టు, బ్యాగు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసేశారు. డ్యూటీలో చేరమన్న ఆర్డరు కాగితం బ్యాగులోనే ఉండిపోయింది. ఇక్కడ తెల్లకోటు ఎవరూ వేసుకోరని ముందే విన్నాడు. ఇదీ అలాంటి పద్ధతే కాబోలని సరిపెట్టుకున్నాడు.

అతని భయం వేరే. మూడు నెలలుగా కంటి మీద కునుకు లేదు. సూది పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. ఇంట్లో అమ్మకి కూడా చెప్పలేదు. బయటపడితే ఇన్నేళ్ల చదువూ గంగపాలే. మనిషి మొహం చూసి మనసు చదివేసేవాళ్ల మధ్య నాలుగు నెలలు దాక్కోవడం ఎలా? వచ్చి వచ్చి బోనులో కాలు పెట్టినట్టయింది.

పెద్ద డాక్టరు గదిలోకి తీసుకెళ్లారు. ఆయనది నలిగిన చొక్కా, రెండు కాళ్లకీ రెండు రకాల చెప్పులు. ఈయన డాక్టరా, రోగా అని తటపటాయించాడు. గోడ మీద డాక్టరు పట్టా, అందులో ఆయన ఫొటో చూశాక కుదుటపడ్డాడు.

ఏం చేస్తుంటారని ఆయన అడిగారు.

"డాక్టర్నే కదండీ."

"మంచిది. ఇక్కడికి డాక్టర్లు చాలామందే వచ్చారు. కంగారేం లేదు. నిద్ర పడుతోందా?"

ఆ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు. దాచాలనుకున్నవాడు దాచలేకపోయాడు. గంటసేపు చెప్పాడు. వణికే చేతి సంగతి, సూది గుచ్చలేక మెట్ల కింద కూర్చుని ఏడ్చిన సంగతి, అన్నీ. ఆయన ఒక్కసారి కూడా గడియారం చూడలేదు. ఓపిగ్గా రాసుకున్నారు. ఇలాంటి గురువు దొరకడం తన అదృష్టమనిపించింది.

"నా పట్టా పోతుందాండీ?"

"ఇక్కడి మాట బయటికి పోదు. ఇవాళ ఏ పనీ పెట్టుకోకండి. ఈ మాత్ర వేసుకుని పడుకోండి."

సిస్టరు కిటికీ పక్కన మంచం చూపించి వెళ్లింది. డాక్టర్లు పడుకునే గదికి ఇంత దగ్గర దగ్గరగా ఊచలెందుకో అర్థం కాలేదు. బయట తాళం పడిన చప్పుడైంది. లేచి అడుగుదామనుకున్నాడు కానీ, మూడు నెలల్లో మొదటిసారి రెప్పలు బరువెక్కాయి.

నిద్రలోకి జారుతుండగా వరండాలో పెద్ద డాక్టరు గొంతు వినిపించింది: "సిస్టర్, పొద్దున్నే చేరాల్సిన ఆ కొత్త డాక్టరు ఇంకా రాలేదేంటి?"