వదలని డిస్కు

ఫొటో స్టూడియో ఆయన పోయాక కూడా పొద్దుగూకితే లోపల వెలుగు కనిపిస్తోందని ఎదురింటావిడ వీధంతా చెప్పిందట. ఆ మాట చెవిన పడగానే ఆయన భార్య, "ఆవిడకి నిద్ర పట్టదు, ఇంకొకరిని పట్టనివ్వదు" అని కొట్టిపారేసింది. చీకటి పడ్డాక ఒక్కతే వెళ్ళి షట్టరెత్తింది.

ఆమెకు కావలసింది హార్డ్ డిస్కు. కూతురిని ఒళ్ళో వేసుకుని ఆయన జోల పాడిన వీడియో అందులో తప్ప ఇంకెక్కడా లేదు. కంప్యూటర్ నుంచి తీయబోతే తెర మీద ఒకటే మాట: "ఈ డిస్కు వాడుకలో ఉంది."

కంప్యూటర్లు బాగుచేసే మరిదికి ఫోన్ చేసింది.

"లాగకు వదినా, ఫైళ్ళు పాడైపోతాయ్. డిస్కును ఎవరెవరు పట్టుకున్నారో సిస్టమ్ చూసుకుంటూ ఉంటుంది. అందరూ వదిలితేనే అది వదుల్తుంది. తెరిచినవన్నీ మూసెయ్."

అన్నీ మూసింది. డిస్కు గరగరమని తిరిగి, ఆగి, మళ్ళీ తిరిగింది.

"అయితే కంప్యూటరే ఆపెయ్. అప్పుడు భయం లేదు, డిస్కు తీగ తీసెయ్."

ఆపింది. తెర నల్లబడింది. తీగ పీకింది. అయినా చీకట్లో ఆ గరగర ఆగలేదు.

తడుముకుంటూ డిస్కు పట్టుకుని ఎత్తబోయింది. అరచేయంత వస్తువు, బల్ల మీద నుంచి కదల్లేదు. గట్టిగా లాగితే మెల్లగా అటువైపుకు జరిగింది.

"అబ్బాయ్," అంది, "తీగ నా చేతిలోనే ఉంది. డిస్కును అటునుంచి లాగుతున్నారు."



"నువ్వే వదిలెయ్ వదినా. అన్నయ్య వదిలే రకం కాదు."