సాతంరాయి దగ్గర ఆగిన క్యాబ్

శుక్రవారం సాయంత్రం 6 గంటల 26 నిమిషాలకు బెంగళూరు హైవే మీద, సాతంరాయి దగ్గర ఒక క్యాబ్ ఆగింది. టైరు పంక్చరు కాలేదు. డీజిల్ అయిపోలేదు. సూర్యుడు అస్తమించాడు.

డ్రైవర్ ప్రేమ్ రాజ్ బండిని రోడ్డు పక్కకు తీసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

వెనక సీట్లోని ప్రయాణికుడికి అరవై దాటాయి. తలకు టోపీ, ముఖానికి మాస్కు. ఆరాంఘర్ చౌరస్తా నుంచి దగ్గుతున్నాడు. అతని సింగపూర్ విమానం 7:50కి. కౌంటర్ 6:50కి మూసేస్తారు. ఎయిర్‌పోర్టు ఇంకా పావుగంట దూరంలో ఉంది.

"ఎందుకు ఆపావు బాబూ?"

"సబ్బాతు మొదలైంది సార్, విశ్రాంతి దినం. రేపు పొద్దుగూకేదాంక బండి కదలదు. మీరు ఎక్కంగనే చెప్పిన గద, ఆరున్నర లోపల దింపుత అని. గగన్‌పహాడ్ కాడ జామైతే నేనేం జేద్దు?"

ముందు సీటు వెనక బిగించిన ట్యాబ్‌లో వీడియో నడుస్తోంది. కోటు వేసుకున్న ఒక మనిషి ఏడో దినం గురించి చెబుతున్నాడు. ప్రేమ్ రాజ్ దగ్గర ఆ వీడియో పద్నాలుగు భాషల్లో ఉంది. గల్ఫ్ నుంచి దిగినవాళ్లకు అరబ్బీ పెడతాడు, కొరియావాళ్లకు కొరియన్. మూడేళ్లలో నలభై ఒక్క దేశాలవాళ్లు ఆ సీట్లో కూర్చుని చూశారు. ఈ ప్రయాణికుడికి తెలుగు పెట్టాడు. రెండు నిమిషాలకే ఆయన ఆపమన్నాడు. ప్రేమ్ రాజ్ సౌండు మాత్రం తగ్గించాడు.

"రేపు పొద్దున అక్కడ సభ ఉంది. నేను మాట్లాడాలి. ఇరవై దేశాలవాళ్లు వస్తున్నారు. పొద్దుటి విమానం రద్దు చేసి నన్ను ఈ సాయంత్రం విమానంలో వేశారు."

"దేని మీద మాట్లాడ్తరు సార్?"

ప్రయాణికుడు కిటికీలోంచి బయటికి చూశాడు.

"సమయం మీద."

"మరి మీరే సమయం చూస్కోకపోతే ఎట్ల?"

"పావుగంట బాబూ. దేవుడు పావుగంట ఓర్చుకోడా?"

"'ఐదు నిమిషాలే గదా అన్నోనికి ఆదివారం దాకా ఐదు నిమిషాలే.' వీడియోల మూడో నిమిషంల చెప్తడు సార్. జర సౌండు పెంచాల్నా?"

"వద్దు. నేను కంప్లైంట్ చేస్తే?"

"చెయ్యుండ్రి. ఇప్పటికే రెండున్నయి. మూడోది పడితే ఐడీ బంద్ జేస్తరు."

"ఐడీ పోతే ఏం చేస్తావు?"

"రేపైతే ఏం చెయ్య."

ప్రయాణికుడు ఫోనులో ఇంకో క్యాబ్ వెతికాడు. అన్నిటికంటే దగ్గరిది ఇరవై రెండు నిమిషాల దూరంలో ఉంది.

రోడ్డు పక్కన మోపెడ్ మీద జామకాయలు అమ్ముతున్న పాల్మాకుల ఊరి రైతు కుర్మయ్య వాళ్ల దగ్గరికి వచ్చాడు.

"ఏంది తమ్మీ, బండి ఖరాబైందా?"

"లే బాపు. సబ్బాతు."

"అదేడుంటది, ఇంజన్లనా?"

ప్రేమ్ రాజ్ వివరించాడు. కుర్మయ్య చెయ్యి చాపాడు.

"తాళంచెవి ఇటియ్యి, నేను దోల్త. శనివారం నాకు ఎంకన్న ఒక్కపొద్దు. తినద్దన్నడు గని బండి నడపద్దని ఎన్నడనలే."

"నడువది బాపు. ఎడ్లకు సుత విశ్రాంతి ఇయ్యాలె. బైబిల్ల నాలుగో ఆజ్ఞ."

"ఎడ్లేడున్నయి?"

ప్రేమ్ రాజ్ దిగి బానెట్ మీద చెయ్యి వేశాడు.

"కారును ఎద్దన్నది ఎవరు?" ప్రయాణికుడు అరిచాడు. దగ్గు వచ్చింది.

"వీడియోల సారే. తొమ్మిదో నిమిషంల. 'నీకు తిండి పెట్టేదేదో అదే నీ ఎద్దు' అన్నడు."

ప్రయాణికుడు మాస్కును ఇంకాస్త పైకి లాక్కున్నాడు.

"మా ఎడ్లకు గీ సంగతి చెప్పకు తమ్మీ, దున్నుడు బంద్ జేస్తయి," అన్నాడు కుర్మయ్య. జామకాయల గంప కిందికి దించి మోపెడ్ స్టార్ట్ చేశాడు. "ఎక్కుండ్రి సార్. నేను దింపుత."

సమయం 6:31. ప్రయాణికుడు దిగి డిక్కీలోంచి బ్యాగు తీసుకున్నాడు. ప్రేమ్ రాజ్ అడ్డుపడలేదు.

"పోండ్రి సార్. మిమ్ముల పరేషాన్ చేసిన, ఏమనుకోకుండ్రి. మునుపు నేను ఏడు దినాలు నడిపేటోణ్ని, బండ్లనే పండేటోణ్ని. ఒకరోజు ఇంటికి పోతే నా బిడ్డ నన్ను అంకుల్ అన్నది. గా సారు మాటలు విన్నంక శనివారం ఇంట్ల ఉంటున్న. ఇప్పుడు డాడీ అంటది. విమానం పోయినా సరే ఆగాలె అన్నోడు ఆయనొక్కడే సార్."

ప్రయాణికుడు ఒక చెవి నుంచి మాస్కు తీశాడు. ఏదో చెప్పబోయాడు. మళ్లీ తగిలించుకున్నాడు.

బ్యాగును తిరిగి డిక్కీలో పెట్టాడు.

"లేటైతది సార్," అన్నాడు కుర్మయ్య.

"మీరూ బండి ఆపండి."

"నాదెందుకు?"

"నా కోసం మీరు పని చేయకూడదు."

"పదకొండో నిమిషం," అన్నాడు ప్రేమ్ రాజ్. "సౌండు తగ్గించినా బాగనే విన్నరు సార్."

కుర్మయ్య ఇద్దరినీ చూసి మోపెడ్ ఆపాడు. గంపలోంచి మూడు జామకాయలు తీసి, ఒకటి తన దగ్గర ఉంచుకుని రెండు వాళ్లకు ఇచ్చాడు. ప్రయాణికుడి ఫోను నాలుగుసార్లు మోగింది. ఆయన ఎత్తలేదు.

6:50కి కౌంటర్ మూశారు. 7:50కి సింగపూర్ విమానం బయల్దేరింది.

అందులో ఖాళీగా వెళ్లిన 14సీ సీటు, పన్నెండేళ్ల కిందట కోటు వేసుకుని ఆ వీడియోలో మాట్లాడిన పాస్టర్ జ్ఞానదాసుది.